తోమితే పోయే మచ్చ కాదమ్మా అది

మన వైపు పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నవ్వమని ఎవరూ అడగరు. ఏం చదివావమ్మా, ఏ కాలేజీ, వంటొచ్చా అని నాలుగు మాటలు మాట్లాడిస్తారు. ఆ నాలుగు మాటల్లోనే చూడాల్సింది చూసేస్తారు. ముందు పళ్ళ మీద గోధుమరంగు గీతలు కనబడ్డాయంటే ఆ సంబంధం "ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం లెండి" దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళు ఫోన్ చెయ్యరు. వారం తర్వాత మధ్యవర్తి చెప్తాడు, "పిల్ల బానే ఉంది గానీ, పళ్ళు సరిగ్గా తోముకోదేమో అనుకుంటున్నారు" అని.

ఆ "తోముకోదేమో" అన్న మాట మీదే ఇవాళ నా తగువంతా.

దర్శి, పొదిలి, కనిగిరి, మర్రిపూడి వైపు పుట్టినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. నేనూ ఆ వైపు దాన్నే. బళ్ళో టీచరమ్మ అంది, హాస్టల్లో వార్డెన్ అంది. పెళ్ళయ్యాక ఆడపడుచు మాత్రం అనకుండా ఓ కొత్త బ్రష్షు కొని తెచ్చి చేతిలో పెట్టింది. మంచి మనిషే పాపం, సాయం చేస్తున్నాననుకుంది. నేను పొద్దున్నా రాత్రీ తోముకునేదాన్నని, ఆ ఇంట్లో రాత్రిపూట తోముకునేది నేనొక్కదాన్నేనని ఆవిడకి తెలీదు.

అసలా గీతలేంటో ఒకసారి చూద్దాం. పన్ను బయటికి రాకముందే, చిగురు లోపల ఎముకలో ఉండగానే దాని పైపొర తయారవుతుంది. ముందు పళ్ళ పైపొర పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ళ వరకూ తయారవుతూనే ఉంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగిలినవన్నీ ఎనిమిదేళ్ళలోపే అయిపోతాయి. ఆ వయసులో పిల్ల తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఆ పొర గట్టిగా, నిగనిగలాడుతూ కట్టుకోదు. ముందు సుద్దరాసినట్టు తెల్లటి చారలు వస్తాయి, తర్వాత వాటికి పసుపు, గోధుమ, నలుపు రంగులు పడతాయి. మరీ ఎక్కువైతే పన్ను గుంటలు పడి అంచులు విరుగుతాయి. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. అంటే ఆ మరక పన్ను మీద పడింది కాదు, పన్నులోనే ఉంది. చీర మీద పడ్డ మరకకీ, నేతలోనే తేడాగా వచ్చిన పోగుకీ ఎంత తేడా ఉందో దీనికీ అంత తేడా ఉంది. నేతలో వచ్చిన దాన్ని ఎంత ఉతికితే పోతుంది?

ఇది నేను చదివి నేర్చుకున్న సంగతి మాత్రమే కాదు, మా ఇంట్లోనే కళ్ళారా చూసింది. మా అక్కా నేనూ ఒకే బోరింగు నీళ్ళు తాగి పెరిగాం. ఇద్దరి పళ్ళకీ గీతలున్నాయి. అక్కని పొదిలి వైపే ఇచ్చారు. నన్ను నరసరావుపేట దగ్గర సాగర్ కాలవ కింద ఊరికి ఇచ్చారు. ఇక్కడ మిరప, పత్తి, వరి పండే పొలాలన్నీ కాలవ నీళ్ళవే, ఊరి మంచినీళ్ళ చెరువు నింపేదీ ఆ కాలవే. అక్క పిల్లలిద్దరికీ గీతలొచ్చాయి, నా పిల్లలిద్దరికీ రాలేదు. పళ్ళు తోమించే విషయంలో అక్క నాకంటే పదింతలు కచ్చితంగా ఉంటుంది. శుభ్రత వల్ల వచ్చేదే అయితే ఆ గీతలు నా పిల్లలకే రావాలి. మా ఇద్దరిళ్ళకీ తేడా ఒక్క నీళ్ళే.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు కూడా. 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లు షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికలో రాశారు. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. తర్వాత రెండేళ్ళకి ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది, నీళ్ళు మాత్రం అవే. ఇంకో సంగతి వింటే ఒళ్ళు మండుతుంది. మనుషుల కంటే ముందు, 1930ల మొదట్లో, ఈ జబ్బుని ఎడ్లలో గమనించారట. కీళ్ళు బిగుసుకుపోయి ఎడ్లు నడవలేకపోతుంటే రైతులకి అనుమానం వచ్చింది. ఎద్దు కుంటితే "ఏం నీళ్ళు తాగిందో" అని ఆలోచించారు. ఆడపిల్ల పళ్ళు గోధుమరంగుకి మారితే మాత్రం "తోముకోదేమో" అనే అంటున్నారు ఇప్పటికీ.

అమెరికాలోనూ ఇదే కథ జరిగింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు వెళ్ళాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. ఎందుకొస్తున్నాయో తేల్చడానికి ముప్ఫయ్యేళ్ళు తిరిగాడు. మధ్యలో 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరివాళ్ళు ఆయన్ని కలిశారు. పిల్లల తల్లిదండ్రులే చెప్పారు, ఊరికి వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేసిన తర్వాతే మరకలు మొదలయ్యాయని. ఆ నీళ్ళు పరీక్షిస్తే మెకేకి ఏమీ దొరకలేదు. అయినా తల్లిదండ్రుల మాట నమ్మాడు, ఆ గొట్టం వదిలేసి వేరే ఊట నీళ్ళు తెచ్చుకోమని సలహా ఇచ్చాడు. ఊరు అలాగే చేసింది. కొన్నేళ్ళలో చిన్నపిల్లలకి మచ్చలేని పళ్ళు వచ్చాయి. కారణం ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. అంటే నీళ్ళలో ఏముందో పేరు తెలియకముందే ఓక్లీ ఊరు నీళ్ళు మార్చుకుంది. మనకి పేరు, లెక్క, కారణం అన్నీ తెలిసి ఎనభై ఏళ్ళు దాటిపోయింది.

మరి మనకేం జరిగింది? ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో కరువు ప్రాంతాలకి, ఫ్లోరైడ్ ఊళ్ళకి కృష్ణా నీళ్ళిస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. నేను పార్టీల మాట మాట్లాడటం లేదు, ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో అందరూ వచ్చి వెళ్ళారు. నా లెక్క వేరే. 1996లో పుట్టిన పాపకి 2004కల్లా పళ్ళ పైపొరలన్నీ తయారైపోయాయి. 2024 నాటికి ఆ పాపకి పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లల పళ్ళు కూడా మొదలై ఉంటాయి. సొరంగం తవ్వేవాళ్ళు ఆలస్యం చెయ్యొచ్చు, పన్ను మాత్రం దాని టైముకి అది వచ్చేస్తుంది.

"అందుకే కదమ్మా ఇప్పుడు ప్లాంటు నీళ్ళు దొరుకుతున్నాయి, క్యాను కొనుక్కుంటే సరి" అంటారు కొందరు. నిజమే, సరిగ్గా నడిపే ఆర్‌వో ప్లాంటు ఫ్లోరైడ్‌ని బాగా తగ్గిస్తుంది. ఫిల్టరు ఎప్పుడు మార్చారో, ఎవరైనా పరీక్ష చేశారో అడిగేవాళ్ళు ఎంతమంది? ఆ క్యాను నీళ్ళు ఎవరికి? తాగడానికి మాత్రమే. అన్నం వండేది, పప్పు ఉడకేసేది, టీ కాచేది బోరు నీళ్ళతోనే. పొలంలో ఎవరు క్యాను పెడతారు? మిరపకాయ కోతలప్పుడు, ఎర్రటి ఎండలో, కూలికెళ్ళిన ఆడవాళ్ళు పక్కనున్న బోరు దగ్గర సీసా పట్టుకుని తాగుతారు. ఎండ ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ తాగుతాం, ఎక్కువ తాగితే ఫ్లోరైడ్ కూడా ఎక్కువే లోపలికి వెళ్తుంది. వినుకొండ వైపు మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళని అడిగినా ఇదే చెప్తారు.

తల్లిని తప్పుపట్టేవాళ్ళకి ఇంకో మాట. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా చనుబాలలోకి అది వచ్చేది చాలా తక్కువ. అంటే తన ఒంట్లోకి తీసుకుని, బిడ్డ దాకా పోకుండా తల్లి శరీరమే ఆపుతోంది. బిడ్డకి పైపాలు కలపడం, పాలపొడిలో బోరు నీళ్ళు పొయ్యడం మొదలైనప్పుడే అసలు కథ మొదలవుతుంది. అలా కాపాడిన తల్లినే పట్టుకుని "పిల్లకి పళ్ళు తోమడం కూడా నేర్పలేదు" అంటున్నాం. ఎంత అన్యాయమో చూడండి.

ఈ నింద ఊరికే నొప్పించే మాట కూడా కాదు, హాని చేసే మాట. ఎలాగంటారా? గీతలు పోవాలని ఆడపిల్లలు కచ్చిక బూడిద, ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు, ఏది దొరికితే అది పెట్టి రుద్దుతారు. తెల్లబరిచే పొడి అని ఎవరో అమ్మితే అది కొంటారు. గీత పోదు గానీ ఉన్న పైపొర అరుగుతుంది, చిగుళ్ళు కిందికి జరుగుతాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. అసలే ఫ్లోరైడ్ బలహీనం చేసిన పన్ను అది, దాని మీద ఇటుకపొడి! ఇంకో హాని అంతకంటే పెద్దది. పళ్ళ మీద గీతలు హెచ్చరిక లాంటివి. అదే నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో చేరుతుంది, మోకాళ్ళు, నడుము, మెడ బిగుసుకుపోతాయి. పిల్లల పళ్ళు చూసి "ఊరి నీళ్ళు బాలేవు" అనుకోవాల్సింది పోయి "పిల్ల మురికిది" అనుకుంటే ఆ హెచ్చరికని మనమే చింపి పారేసినట్టు.

మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. "అన్నీ నీళ్ళ మీదికి తోసేస్తే ఎలా? నిజంగానే తోముకోని వాళ్ళు లేరా?" ఉన్నారు, బోలెడంతమంది ఉన్నారు. అందుకే ఏది మురికో ఏది కాదో తెలుసుకుని మాట్లాడమంటున్నాను. గీతలు అడ్డంగా, కుడివైపూ ఎడమవైపూ జంట పళ్ళ మీద ఒకేలా, చిగురుకి కాస్త దూరంగా ఉంటే అది చాలావరకు ఫ్లోరోసిసే. చిగురు అంచునే, ముఖ్యంగా కింది ముందు పళ్ళ వెనకవైపు, గట్టిగా గీకినా రాకుండా పసుపుపచ్చగా పేరుకుంటే అది గార. పన్ను మీద రోజూ పట్టే మెత్తటి పాచిని తియ్యకపోతే అదే గట్టిపడి గార అవుతుంది. నమిలే పళ్ళ గుంటల్లో నల్లగా మొదలై, తీపి తింటే గుంజి, తర్వాత రంధ్రం పడితే అది పిప్పి పన్ను. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, తోముతుంటే రక్తం వస్తే అది చిగుళ్ళ జబ్బు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవి. మొదటిది ఊరి చేతిలో, సర్కారు చేతిలో ఉన్నది.

మన చేతిలో ఉన్న వాటి సంగతి చెప్పుకుందాం. రోజుకి రెండుసార్లు తోముకోవాలి, అందులో రాత్రి పడుకునే ముందుది అసలు మానకూడదు. నిద్రలో నోట్లో ఉమ్ము తక్కువ ఊరుతుంది, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న అన్నం, తీపి తెల్లవార్లూ అక్కడే పుల్లబడతాయి. మెత్తటి బ్రష్షు చాలు, రెండు నిమిషాలు నెమ్మదిగా, చిగురు అంచుని కలుపుకుని. గట్టిగా రుద్దితే పళ్ళు తెల్లగా అవ్వవు, అరుగుతాయి. మూడు నెలలకోసారి బ్రష్షు మార్చుకోండి. ఇంట్లో అందరి బ్రష్షులూ మార్చి, తనది మాత్రం వెంట్రుకలు చెదిరిపోయేదాకా వాడే అమ్మలు నాకు తెలుసు.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తాం. మానితే పాచి పేరుకుని రక్తం ఇంకా పెరుగుతుంది. మెత్తగా తోముతూనే డాక్టరుకి చూపించుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు ఉబ్బడం మామూలే, అలాగని వదిలెయ్యకూడదు. ఆ తొమ్మిది నెలల్లోనూ పళ్ళకి వైద్యం చేయించుకోవచ్చు, మధ్య మూడు నెలలూ అందుకు మరీ అనువైనవి. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని భయపెడతారు కదా, అది తప్పు. సందుల్లో నిండిన గార పోయేసరికి ఖాళీగా అనిపిస్తుంది, అంతే. నిజానికి పన్నుని కదిలించేది ఆ గార కింద జరిగే చిగుళ్ళ జబ్బే. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్నదీ ఉత్త మాటే, కంటి నరం వేరు, పంటి నరం వేరు. ఇక పంటినొప్పికి లవంగం పెట్టుకుని, పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని నెలలు గడిపేసే అత్తమ్మలకి ఒక మాట. లవంగం కాసేపు నొప్పిని తిమ్మిరెక్కిస్తుంది, పుచ్చుని ఆపదు. పొగాకు చిగుళ్ళని తినేస్తుంది, నోటి క్యాన్సరు తెస్తుంది. పొగాకు పండే జిల్లాలో పుట్టామని నోట్లో పెట్టుకోవక్కర్లేదు.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలా వద్దా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఫ్లోరైడ్ విషం కాదు. కొద్దిగా, పన్ను పైన రాస్తే పుచ్చు రాకుండా కాపాడుతుంది. మితిమీరి కడుపులోకి పోతేనే తంటా. పెద్దవాళ్ళు తోముకుని ఉమ్మేస్తారు కాబట్టి భయం లేదు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు వాళ్ళకి బఠాణీ గింజంత పేస్టు చాలు. టీవీలో చూపించినట్టు బ్రష్షు పొడుగునా వెయ్యకండి, పక్కనే ఉండి ఉమ్మించండి. మీది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరైతే, పేస్టు మింగేసే వయసు పిల్లలకి ఏ పేస్టు వాడాలో పళ్ళ డాక్టర్ని అడిగి తెచ్చుకోండి.

ఇప్పటికే గీతలున్న అమ్మాయిలకు ఒక మాట. వాటిని డెంటిస్టు దగ్గర తగ్గించుకోవచ్చు. పైపైన ఉన్నవాటిని సన్నగా అరగదీసి పోగొడతారు, లోతుగా ఉన్నవాటి మీద పన్ను రంగు పూత వేస్తారు. చేయించుకుంటే మీ ఇష్టం, చేయించుకోకపోయినా మీ ఇష్టం. అది ముస్తాబు, తప్పుకి శిక్ష కాదు. నోరు మూసుకుని నవ్వడం మాత్రం మానెయ్యండి. నేను మానేసి ఇరవయ్యేళ్ళయింది.

ఇక నీళ్ళ సంగతి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైపోయి మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు తియ్యలేదు, బ్లీచింగు పొడి తియ్యలేదు. రుచి చూసి చెప్పలేం, రంగు చూసి చెప్పలేం, పరీక్ష ఒక్కటే దారి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 1.5 దాకా, అది దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకి పరీక్ష చేసే ల్యాబులున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలని ఉంది. ఐదుగురు ఆడవాళ్ళు! ఆ ఐదుగురూ మీ ఊళ్ళో ఎవరో మీకు తెలుసా? కిట్టు ఎక్కడుందో తెలుసా? మంచి నీళ్ళు కొద్దిగానే దొరికితే ముందు ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి, వాళ్ళ పాలకి, వాళ్ళ అన్నానికి వాడండి. వాళ్ళకి పాలు, పెరుగు, రాగిజావ, ఆకుకూర, జామకాయ పెట్టండి, కాల్షియం, సి విటమిన్ అందితే ఫ్లోరైడ్ దెబ్బ కొంత తగ్గుతుంది. చిన్నపిల్లలకి టీ అలవాటు చెయ్యకండి, తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి ఇంతే. బోరు కింద రాయిని మనం మార్చలేం, ఎంత జాగ్రత్తగల ఇల్లాలైనా మార్చలేదు. అది ఊరు మొత్తం అడగాల్సిన పని. డ్వాక్రా మీటింగులో పదిమంది కూర్చుంటాం కదా, అప్పుల లెక్క అయ్యాక ఒక్క పది నిమిషాలు దీనికి పెట్టండి. తర్వాత గ్రామసభకి వెళ్ళి, మన బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో నెంబరు చదివి వినిపించమనండి. "బానే ఉన్నాయమ్మా" అంటే ఒప్పుకోకండి. కాగితం మీద నెంబరు, పరీక్ష చేసిన తారీఖు, రెండూ కావాలనండి. ఒకటిన్నర దాటితే వేరే నీళ్ళు ఏ తారీఖు నుంచి ఇస్తారో అది కూడా రాసిమ్మనండి.